వలలో పడుతున్న ఈ పెంకు చేప ఎక్కడిది? కొల్లేరు, కృష్ణా కాలువల వాళ్లు చెప్పండి

లంకకుర్రాడు (కైకలూరు వైపు)

నమస్కారం అండి. మాది కొల్లేటి లంక గ్రామం, వేటే మా బతుకు. కొన్నేళ్లుగా మా వలల్లో ఒక చేప పడుతోంది. ఒంటి నిండా గట్టి పెంకు, దాని మీద మచ్చలు, వీపు మీద విప్పితే వెడల్పయ్యే పెద్ద రెక్క, నోరు అడుగు వైపు. మావాళ్లు దెయ్యం చేప అంటారు, టీవీలో డెవిల్ ఫిష్ అంటున్నారు. మొదట్లో ఎప్పుడో ఒకటి కనపడేది. ఇప్పుడు వల తీస్తే బొమ్మిడాయి, జెల్ల కంటే ముందు ఇదే చేతికొస్తోంది.

దీని ముళ్లు వలకి తగులుకుంటే ఊడవు. విడిపించబోతే వల చిరుగుతుంది, చెయ్యి తెగుతుంది. కొనేవాడు లేడు. గట్టు మీద పడేస్తే గంటల తరబడి చావదు. చూసి జాలేసి మళ్లీ నీళ్లలోకి తోసేసేవాళ్లు కూడా ఉన్నారు మాలో.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? తినొచ్చా? దీన్ని తగ్గించే దారి ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే భయపెట్టే వీడియోలు వద్దు, అవి చాలా చూశాం.

నీటిపాఠం (నెల్లూరు, ఫిషరీస్ విద్యార్థిని)

లంకకుర్రాడు గారూ, మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్. శాస్త్రీయ నామం టెరిగోప్లిక్తిస్. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల ప్రాంతం. అది ఈదుకుంటూ రాలేదు, మనుషులే తెచ్చారు. ఇళ్లలో పెట్టుకునే అక్వేరియం గాజుకి పట్టిన నాచు తింటుందని చిన్నప్పుడు అమ్ముతారు. కొన్నప్పుడు వేలంత ఉంటుంది, పెరిగితే అడుగున్నర దాటుతుంది. తొట్టిలో పట్టక దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. అక్కడి నుంచి అలుగు పారితే వాగు, వాగు నుంచి నది, నది నుంచి కాలువలు.

అది ఇంతలా పెరగడానికి కారణాలు ఒకదానికొకటి తోడయ్యాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది, కడుపుతోనే ఆ గాలిని వాడుకుంటుంది. అందుకే మురుగు నీళ్లలోనూ బతుకుతుంది, గట్టు మీద వేసినా చాలాసేపు చావదు. గట్ల పక్కన మెత్తటి మట్టిలో బొరియలు తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చే వరకు మగ చేప కాపలా ఉంటుంది. శీలావతి, బొచ్చె లక్షల గుడ్లు పెట్టినా వాటిలో బతికేవి కొన్నే. దీని గుడ్లు తక్కువే, బతికేవి ఎక్కువ. ఇక ఆ పెంకు, ముళ్లు చూసి మన కొరమీను, వాలుగ లాంటి వేటాడే చేపలు దాని జోలికి పోవు.

తినేది నాచు, అడుగున పేరుకున్న కుళ్లు. వినడానికి మంచిదే అనిపిస్తుంది. కానీ మన మోసు లాంటి అడుగు చేపల తిండి కూడా అదే. గీరి తినేటప్పుడు అక్కడ అంటుకున్న వేరే చేపల గుడ్లూ దాని కడుపులోకే పోతాయి.

మెక్సికోలో ఇన్ఫియెర్నిల్లో అనే జలాశయం ఉంది. ఒకప్పుడు ఆ దేశంలో మంచినీటి చేపలకి అతి పెద్ద వేట కేంద్రాల్లో అదొకటి. ఈ చేప చేరాక వలల్లో ఎక్కువ భాగం ఇదే పడి, వేటగాళ్ల రాబడి కుప్పకూలింది. కొల్లేటి వాళ్లు ఈ కథ తెలుసుకోవాలి.

మీ ప్రశ్నల్లో ఒకదానికి మాత్రం గట్టిగా చెప్తాను. దయచేసి తిరిగి నీళ్లలో వదలకండి.

ఆకివీడు రైతు

మా చెరువుల్లోకీ వచ్చింది. మేం తెచ్చి వేసింది కాదండి. కాలువ నీళ్లు తోడుకున్నప్పుడు సన్న పిల్లలు మోటారు గుండా వచ్చేశాయి. పట్టుబడి రోజు వల లాగితే అడుగున ఇవి. మేత మేం బొచ్చెకి, శీలావతికి వేస్తే తినేది ఇవి. ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. గట్టు లోపలి వైపు బొరియలు పెట్టి గుల్ల చేస్తున్నాయి. వానాకాలం నీళ్లు నిండితే ఆ చోటే జారుతోంది. గట్టు మరమ్మతు ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు.

చెరువు ఎండగట్టి సున్నం చల్లాం. బొరియలో తడి ఉంటే అది లోపలే బతికి ఉంటోంది. బొరియలు తవ్వి తీసి, గట్టు మళ్లీ కొట్టి, ఎండ బాగా తగిలాక నీళ్లు పెడితేనే ఫలితం కనపడింది. నీళ్లు తోడే చోట సన్న కన్ను వల రెండు వరసలు కట్టాం. చెత్త పట్టి మూసుకుపోతుంటుంది, రోజూ దులపాలి. అయినా కడుతున్నాం.

గాజుతొట్టి (హైదరాబాద్)

అక్వేరియం పెంచేవాళ్ల తరఫున రెండు మాటలు. నీటిపాఠం గారు చెప్పింది నిజం. షాపుల్లో దీన్ని "క్లీనర్" అని అమ్ముతారు, ఎంత పెరుగుతుందో చెప్పరు. కొన్నవాళ్లకీ తెలియదు. అది పెరిగి మిగతా చేపల్ని తోసేస్తుంటే ఇంట్లో గొడవ. చంపడానికి మనసొప్పదు, దుర్గం చెరువో ఇంకో చెరువో దగ్గరుంటే కవర్లో పట్టుకెళ్లి వదిలేస్తారు. పుణ్యం అనుకుంటారు పాపం.

నేను చాలాకాలంగా చేపలు పెంచుతున్నాను. మా గ్రూపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికైనా చేప వద్దనిపిస్తే గ్రూపులో చెప్తే పెద్ద తొట్టి ఉన్నవాళ్లు తీసుకుంటారు. కొన్ని షాపులు కూడా తిరిగి తీసుకుంటాయి, అడగాలి. నాచు కోసమే అయితే ఈ చేప అక్కర్లేదు. లైటు వెలిగే సమయం తగ్గించి, వారానికోసారి కొంత నీళ్లు మారిస్తే నాచు తగ్గిపోతుంది. తొట్టిలోని మొక్కలు కూడా కాలువలో పారెయ్యొద్దు, ఎండబెట్టి చెత్తలో వెయ్యండి. గోల్డ్ ఫిష్ కూడా చెరువులోకి వద్దు.

లంకకుర్రాడు

@నీటిపాఠం అక్కా, చాలా థాంక్స్. మగ చేప కాపలా ఉంటుందన్నారు, ఆ బొరియలు మా లంక గట్ల దగ్గర చూశాను. పీత బొరియలు అనుకునేవాళ్లం. ఇంకో ప్రశ్న. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర గూడకొంగలు (పెలికాన్లు) దీన్ని తింటాయా?

నీటిపాఠం

మంచి ప్రశ్న. పోర్టోరికోలో గోధుమరంగు గూడకొంగలు ఈ జాతి చేపని మింగబోయి, ముళ్లు గొంతులో విచ్చుకుని ఊపిరాడక చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి. ఆటపాకలో అలా ఎవరైనా చూస్తే ఫొటో తీసి అటవీ శాఖకి తెలియజేయండి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన) చిత్తడి నేల. మీలాంటి వేటగాళ్లు చూసి చెప్పేదే అక్కడ మొదటి సమాచారం.

ఇది కొల్లేటికే పరిమితం కాలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఈ చేపని కనిపెట్టడానికి కొత్త పద్ధతి తయారుచేశారు. వల వేయక్కర్లేదు. చేప ఒంటి నుంచి రాలే చర్మం, జిగురు, మలం ద్వారా దాని డీఎన్ఏ నీళ్లలో కలుస్తుంది. చెరువు నీళ్లు వడగట్టి ఆ డీఎన్ఏ ఉందో లేదో చూస్తారు. అలా తూర్పు కనుమల్లో వెతికితే 60 శాతం నీటి వనరుల్లో దీని జాడ దొరికింది. ఒక్క చెరువుని శుభ్రం చేసి ఊరుకుంటే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాగే మిగతా 40 శాతాన్ని కాపాడుకునే సమయం ఇంకా ఉందని కూడా తెలుస్తోంది. నాకు రెండోదే ముఖ్యం అనిపిస్తుంది.

రేపల్లె మాస్టారు

చేప గురించి మాట్లాడుకుంటున్నారు, బాగుంది. మరి కళ్ల ముందు కాలువ నిండా పరుచుకున్న గుర్రపు డెక్కని మనవాళ్లు పరాయిదని కూడా అనుకోరు. తరాలుగా చూస్తున్నాం కాబట్టి మనదే అనుకుంటున్నాం. అదీ అమెజాన్ నుంచి వచ్చిందే. ఊదా రంగు పువ్వు అందంగా ఉందని 19వ శతాబ్దం చివర్లో కలకత్తాకి తెచ్చి పెంచారు. అక్కడి నుంచి బెంగాల్ నదులన్నీ మూసుకుపోయాయి. పడవలు కదల్లేదు, వరి చేలు మునిగాయి. చివరికి 1936లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఎవరి స్థలంలో ఉంటే వాళ్లు తీసెయ్యాలని ఆ చట్టం. ఒక పువ్వు కోసం ఇంత జరిగింది.

పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను ఒక మొక్కని తెచ్చి చూపించేవాణ్ని. పక్కకి తీగ సాగి, దాని చివర పిల్ల మొక్క వస్తుంది. అది తెగి కొట్టుకుపోయినా ఎక్కడ ఆగితే అక్కడ మళ్లీ తీగ సాగిస్తుంది. ఎండాకాలంలో, మురుగు కలిసిన నీళ్లలో, రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. ఇంకా గింజలు. అడుగు బురదలో దాదాపు 20 ఏళ్లు పడి ఉండి మొలవగలవు. ఇవాళ ఒక్క మొక్క కూడా లేకుండా తీసేశాం అనుకున్న చెరువులో మరో ఏడాది మళ్లీ వచ్చేది అందుకే.

నీళ్ల మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుంటే వెలుతురు లోపలికి పోదు. లోపలి నాచు చస్తుంది, ప్రాణవాయువు పడిపోతుంది. అప్పుడు శీలావతి, బొచ్చె చనిపోతాయి. గాలి మింగి బతికే చేపలు మిగులుతాయి. వాటిలో మన మట్టగిడస, మార్పు అనే నాటు చేపలు ఉన్నాయి, ఈ కొత్త పెంకు చేపా ఉంది. అంటే డెక్క పెరిగినచోట దెయ్యం చేపకి పోటీ తగ్గుతుంది. ఈ రెంటినీ విడిగా చూడకూడదని నా అభిప్రాయం.

కాలువ లస్కర్ (కృష్ణా డెల్టా)

మాస్టారూ, మీరు చెప్పింది మేం ప్రతి ఏడూ చేతులతో అనుభవిస్తాం. నీళ్లు వదిలే ముందు కాలువల్లో తూడు, గుర్రపు డెక్క తీయించే పనులు పడతాయి. జేసీబీతో లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. లారీలో దూరం తీసుకెళ్లడానికి డబ్బు రాదు. ఆ మొక్క బరువులో 90 శాతం పైన నీళ్లే, నీళ్లకే లారీ బాడుగ కట్టినట్టవుతుంది. గట్టు మీద ఉన్న కుప్ప మొదటి వానకే జారి మళ్లీ కాలువలో పడుతుంది. వంతెన స్తంభాల దగ్గర, షట్టర్ల దగ్గర చుట్టుకుని నీళ్లని ఆపేస్తుంది. ఎగువన గట్లు పొర్లుతుంటాయి, దిగువన శివారు భూములకి చుక్క అందదు. శివారు రైతు వచ్చి మమ్మల్ని తిడతాడు. ఆయన బాధలో న్యాయం ఉంది.

తీసినదాన్ని గట్టు నుంచి కనీసం కొన్ని గజాలు లోపలికి వేసి, పల్చగా పరిచి ఎండనివ్వాలి. ఎండితే ఏమీ మిగలదు. టెండర్ కాగితంలోనే ఆ ఒక్క మాట రాస్తే చాలు, సగం పని తగ్గుతుంది.

మందు కొట్టమనేవాళ్లున్నారు. ఈ కాలువల నీళ్లే ఊళ్లలో మంచినీటి చెరువుల్లోకి నింపుకుంటాం. మందు కొడితే జనం తాగేది ఆ నీళ్లే. పైగా ఒకేసారి చచ్చిన డెక్క అడుక్కి దిగి కుళ్లితే ఉన్న చేపలు కూడా పోతాయి. నేను మాత్రం ఒప్పుకోను.

మూసీ గట్టు (హైదరాబాద్)

మా కాలనీ పక్క చెరువు పరిస్థితి ఇదే అన్నా. మిషిన్ వచ్చి తీసిన నెలకే మళ్లీ పచ్చగా అయితది. దోమలు చెప్పలేనన్ని. సాయంత్రం అయితే తలుపులు మూసుకోవడమే. మిషిన్ మీద ఖర్చు పెడుతున్నరు గానీ చెరువులోకి దిగే డ్రైనేజీ పైపు ఆపడం లేదు. ఆ మొక్కకి ఎరువు మన ఇండ్ల నుంచే పోతోంది.

పురుగుల్ని వదిలితే తింటాయని ఎక్కడో చదివిన. నిజమేనా?

నీటిపాఠం

నిజమే. నియోకెటినా అనే ముక్కు పురుగులు. గుర్రపు డెక్క సొంత దేశంలో దాన్ని అదుపులో ఉంచేవి ఇవే. మన దేశానికి 1980ల మొదట్లో తెచ్చి, పంటల మొక్కలు తినవని పరీక్షించాక బెంగళూరు చెరువుల్లో వదిలారు. పెద్ద పురుగు ఆకు గీరుతుంది, పిల్ల పురుగు కాడ లోపలికి తొలుచుకుపోతుంది. మొక్క కుంగి, నీళ్లలో మునిగిపోతుంది. బెంగళూరులో కొన్ని చెరువుల్లోనూ, మణిపూర్ లోక్తక్ సరస్సులోనూ మంచి ఫలితం వచ్చింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద 1990ల చివర్లో డెక్క తగ్గడానికి వీటి పాత్ర పెద్దది.

కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, పురుగులు కుదురుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు మిషిన్ వచ్చి మొత్తం తీసేస్తే పురుగులూ దాంతోనే పోతాయి. చెరువులో ఒక మూల కొంత డెక్క వదిలిపెట్టి, మిగతాది తీయాలి. రెండోది మీరే చెప్పారు. మురుగు దిగుతున్నంత కాలం పురుగు తినేదానికంటే మొక్క పెరిగేది ఎక్కువ. మురుగు ఆపకుండా ఏ పద్ధతీ నిలబడదు.

ఒక పరాయి జీవిని ఆపడానికి ఇంకో పరాయి జీవిని తేవడం అంటే చాలామందికి టెన్షన్. ఉండాలి కూడా. ఈ పురుగుల విషయంలో ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు కాబట్టి నేను నమ్ముతాను. ఆ పరీక్షలు లేకుండా వదిలినవి వేరే ఉన్నాయి. గంబూషియా చేప అలాంటిదే.

రిటైర్డ్ హెల్త్ వర్కర్ (ఏలూరు)

అమ్మా, గంబూషియా గురించి తేలిగ్గా అనకండి. మలేరియా రోజుల్లో ఊరూరా బావుల్లో, గుంటల్లో ఆ చేప పిల్లల్ని వదిలాం. దోమ లార్వాని తినడం మా కళ్లతో చూశాం. మందుల ఖర్చు లేదు, పొగ లేదు. ఇప్పటికీ వర్షాకాలం ముందు వదులుతూనే ఉన్నారు. ప్రాణాలు కాపాడిన పని అది.

నీటిపాఠం

బాబాయ్ గారూ, మీరు చేసిన పనిని తక్కువ చేయడం లేదు. ఆ రోజుల్లో చేతిలో ఉన్న సాధనం అదే. 1928లో ఆ చేప మన దేశానికి వచ్చినప్పుడు ఇంత తెలియదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, అది దోమ లార్వాని మాత్రమే తినదు. కప్ప గుడ్లు, తోకకప్పలు, చిన్న చేపల పిల్లలు, నీటి పురుగులు అన్నీ తింటుంది. వాటిలో తూనీగ పిల్లల్లాంటివి దోమ లార్వాని తినేవే. ఆస్ట్రేలియాలో చాలా స్థానిక చేపలకి దాని వల్ల నష్టం జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే దాన్ని సిఫారసు చేయడం మానేసింది.

మూసిన బావిలో, సిమెంటు తొట్టిలో, ఎటూ పారని నీళ్లలో వదలడం వేరు. చెరువులో, కాలువలో వదలడం వేరు. మన చెరువుల్లోనే పుట్టి పెరిగే చిన్న చేపలు లార్వాని తినేవి ఉన్నాయి. అప్లోకిలస్ జాతి ఒకటి, తల మీద తెల్లటి చుక్క మెరుస్తుంటుంది. వాటిని పెంచి ఇస్తే అదే పని అవుతుంది.

రిటైర్డ్ హెల్త్ వర్కర్

తెల్ల చుక్క చేప నాకు తెలుసు. మా చిన్నప్పుడు ప్రతి గుంటలో ఉండేది. బావికి, చెరువుకి తేడా పెట్టాలన్నది ఒప్పుకుంటాను. కానీ మూసీ గట్టు గారు చెప్పిన దోమల బాధ ఉన్నచోట జనం ఆగరమ్మా. పెంచి ఇచ్చేవాళ్లు ఎవరో ముందు తేలాలి. అప్పటిదాకా గంబూషియాని పూర్తిగా ఆపమంటే నేను ఒప్పుకోను.

షికాగో నుంచి తెనాలి

ఇక్కడ అమెరికాలో ఇదే సమస్య తిరగబడి కనిపిస్తుంది. మన చెరువుల్లో పెంచే వెండి చేప, గడ్డి చేప ఉన్నాయి కదా, రెండూ చైనా వైపు నుంచి వచ్చినవి. వెండి చేపని 1970ల్లో దక్షిణ రాష్ట్రాల్లో చెరువుల నాచు తగ్గించడానికి తెచ్చారు. వరదల్లో తప్పించుకుని మిసిసిపీ నదిలో చేరింది. ఇప్పుడు ఇల్లినాయ్ నదిలో పడవ మోటారు చప్పుడుకి గుంపులుగా గాల్లోకి ఎగిరి మనుషులకి తగులుతుంటాయి. గ్రేట్ లేక్స్‌లోకి రాకుండా షికాగో కాలువలో కరెంటు కంచె కట్టారు. నీళ్లలోకి విద్యుత్తు పంపి చేపల్ని వెనక్కి తిప్పుతారు. 2002 నుంచి నడుస్తోంది. దాన్ని నడపడానికి అయ్యే ఖర్చు చూస్తే, మొదట్లోనే జాగ్రత్తపడటం ఎంత చవకో తెలుస్తుంది.

మన కొరమీను జాతికి చెందిన ఒక చైనా చేప 2002లో మేరీలాండ్‌లో ఒక చిన్న చెరువులో దొరికితే ఆ చెరువు మొత్తానికి మందు వేశారు. అదే ఏడాది ఆ జాతి చేపలన్నిటినీ ప్రాణంతో దిగుమతి చేసుకోవడం నిషేధించారు. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా ఫ్లోరిడా సరస్సుల్ని మూసేసింది, అదీ అక్వేరియం వ్యాపారం ద్వారానే వచ్చింది. మన దగ్గర కొరమీనుని కూరకి వెతుక్కుంటాం. చేపలో చెడు లేదు, దాన్ని అదుపులో ఉంచేవి లేనిచోటికి తీసుకెళ్లి వదలడమే చెడు.

ఇక్కడ ఒక అలవాటు నాకు నచ్చింది. సరస్సులో పడవ దింపేచోట బోర్డు ఉంటుంది. పడవ కడగండి, నీళ్లు పారబోయండి, ఆరబెట్టండి. 1988లో బయటపడిన జీబ్రా మసెల్ అనే చిన్న గవ్వ వల్ల వచ్చిన నియమం ఇది. పిల్లలు కూడా పాటిస్తారు.

పులికాట్ తీరం (తడ)

గవ్వ అన్నారు కాబట్టి మా బాధ కూడా చెప్తాను. తమిళనాడులో ఎన్నూరు దగ్గర దక్షిణ అమెరికా జాతి గవ్వ ఒకటి బాగా విస్తరించింది. అక్కడివాళ్లు కాక్కా ఆళి అంటారు. కేరళలో అష్టముడిలో ముందే కనపడింది. బురద నేలంతా ఒకదానికొకటి అతుక్కుని చాపలా పరుచుకుంటుంది. రొయ్య, పీత బురదలో దాక్కుని బతికేవి, వాటికి చోటు ఉండదు. రొయ్యని చేత్తో తడిమి పట్టేవాళ్ల బతుకు పోయింది. చేతులు, కాళ్లు కోసుకుంటున్నాయి. పులికాట్ సరస్సు మాకూ తమిళనాడుకీ ఒకటే. నీళ్లకి సరిహద్దు రాయి ఉండదు కదండి.

ఓడల నుంచి వచ్చిందంటున్నారు. ఖాళీ ఓడ నిలకడగా ఉండటానికి ఒక దేశం దగ్గర సముద్రపు నీళ్లు నింపుకుని ఇంకో దేశం రేవులో వదిలేస్తుందట, అందులో గవ్వ పిల్లలు ఉంటాయట. నిజమేనా?

నీటిపాఠం

అవునండి, దాన్ని బ్యాలస్ట్ నీళ్లు అంటారు. ఓడ అడుగుకి అంటుకుని వచ్చేవి కూడా ఉంటాయి. రేవులో వదలకముందే ఆ నీళ్లలోని జీవుల్ని తొలగించాలనే అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మన తీరమంతా రేవులే కాబట్టి విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం వాళ్లు కూడా ఈ విషయం పట్టించుకోవాలి.

ఆకివీడు రైతు

ఒక సూటి ప్రశ్న. వనామీ రొయ్య పరాయిది, రూప్‌చంద్ చేప పరాయిది, ఫంగస్ (పంగాసియస్) చేప పరాయిది, బంగారు తీగ కూడా పరాయిదే. వీటి మీదే గోదావరి జిల్లాల్లో వేలమంది బతుకుతున్నారు. వాటన్నిటినీ ఆపమంటారా?

నీటిపాఠం

ఆపమనడం లేదు. వనామీనే చూడండి. 2009లో అనుమతి ఇచ్చినప్పుడు వ్యాధి లేని తల్లి రొయ్యల్ని మాత్రమే, చెన్నైలో క్వారంటైన్ చేశాక ఇవ్వాలని నియమం పెట్టారు. తెచ్చే దారి ఒకటే, ఎవరు తెచ్చారో లెక్క ఉంటుంది. రూప్‌చంద్ అలా రాలేదు, బంగ్లాదేశ్ వైపు నుంచి దొంగదారిన వచ్చింది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా అంతే. దాన్ని 2000లో నిషేధించినా ఇంకా చాటుగా కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుకుని పూడ్చిపెట్టిన వార్తలు వస్తూనే ఉన్నాయి. అది బయటపడితే చేప, కప్ప, పక్షి పిల్ల ఏదీ వదలదు. మన నాటు మార్పు చేపకి దగ్గరి జాతి కాబట్టి దాని చోటునే ఆక్రమిస్తుంది.

చెరువులో ఉన్నంతసేపు సమస్య కాదు. గట్టు తెగిన రోజే సమస్య. బుడమేరు, తమ్మిలేరు ఒకేసారి పొంగితే కొల్లేటి చుట్టూ ఉన్న చెరువుల నీళ్లన్నీ కొల్లేట్లోకే. 2024 సెప్టెంబరు వరద మనమందరం చూశాం. అందుకే కొల్లేటి పక్కన పరాయి జాతి పెంచేవాళ్లు గట్టు ఎత్తు, చుట్టూ వల కట్టడం తప్పనిసరి చేసుకోవాలని నా మాట.

చట్టం కూడా ఇప్పుడు ఉంది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు ఇలాంటి హానికర పరాయి జీవుల దిగుమతి, అమ్మకం, పెంపకం మీద ఆంక్షలు పెట్టే అధికారం కేంద్రానికి ఇచ్చారు.

ఆకివీడు రైతు

గట్టు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ చుట్టూ వల అంటే చిన్న రైతుకి భారం. రెండెకరాల వాడికి, వంద ఎకరాల వాడికి ఒకే నియమం పెడితే చిన్నవాడే పోతాడు. దానికి సబ్సిడీ ఇవ్వాలని కూడా రాయండి.

కాలువ లస్కర్

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు కృష్ణలోకి వస్తున్నాయి. తెలుగు గంగ ద్వారా శ్రీశైలం నీళ్లు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి చెన్నై దాకా పోతున్నాయి. నీళ్లు కావాలి, నేను వ్యతిరేకం కాదు. కానీ వేల ఏళ్లు విడిగా ఉన్న నదుల్ని కలిపినప్పుడు గుడ్లు, పిల్లలు, డెక్క ముక్కలు కూడా కలుస్తాయి. పంపు ముందు చెత్త ఆపే ఇనప జాలీ ఉంటుంది, అది చేప పిల్లని ఆపదు. కాలువ మీద ఎక్కడెక్కడ ఏముందో ఏడాదికోసారి చూసే పద్ధతి కావాలి. మీరు చెప్పిన ఆ నీళ్ల పరీక్ష ఇలాంటిచోట బాగా పనికొస్తుంది.

మూసీ గట్టు

మా దిక్కు సొసైటీల వాళ్లు చెరువుల్లో సర్కారు చేప పిల్లల్ని వదులుతరు. సంచి విప్పేటప్పుడు అందులో రవ్వ, బొచ్చె, బంగారు తీగే ఉన్నయా, వేరే ఏమైనా కలిసినయా అని చూసుకోవాలె. మా మామయ్య సొసైటీలో ఉన్నడు, ఆయనకి ఈ చర్చ చదివి వినిపిస్త.

లంకకుర్రాడు

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, నిన్న రాత్రి మా వాళ్లకి చదివి వినిపించాను. మా పెద్దలు ఒప్పుకున్నవి రాస్తున్నాను. వలలో పడిన పెంకు చేపని తిరిగి వదలం. అన్నీ ఒకచోట పోసి, గట్టుకి దూరంగా గొయ్యి తీసి పూడుస్తాం. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు గట్ల దగ్గర బొరియలు వెతికి తవ్వుతాం. వలకి బదులు ఆ చోట్ల మావులు (చేప లోపలికి దూరి చిక్కుకునే బుట్టలు) పెట్టి చూద్దాం అంటున్నారు, వల చిరగడం తప్పుతుంది.

తినొచ్చా అన్న ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు అక్కా. మా నాన్న గట్టిగా అడుగుతున్నాడు. తినేది అయితే పట్టేవాళ్లు పెరుగుతారు కదా అంటాడు.

నీటిపాఠం

విషం ఏమీ కాదు. అమెజాన్ ప్రాంతంలో పెంకుతో సహా నిప్పుల మీద కాల్చుకుని తింటారు. మాంసం తక్కువ, పెంకు తీయడం కష్టం. నా అభ్యంతరం వేరు. ఇది అడుగు బురదలో తింటుంది. ఫ్యాక్టరీ నీళ్లు, పట్టణ మురుగు కలిసేచోట ఆ బురదలో సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఉంటాయి, అవి చేపలో చేరతాయి. మీ చోటి చేపని ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా పిల్లలకి పెట్టకండి. కోళ్ల మేతకి, ఎరువుకి వాడాలన్నా ఆ పరీక్ష ముందు కావాలి.

ఇంకో భయం కూడా ఉంది. దీనికి ధర పలకడం మొదలైతే ఎవరో ఒకరు చెరువులో పెంచడం మొదలుపెడతారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ విషయంలో జరిగింది అదే. పట్టడానికి కూలీ ఇవ్వాలి గానీ, చేపకి మార్కెట్ పెట్టకూడదని నేననుకుంటాను. నాన్నగారు దీనికి ఒప్పుకోకపోవచ్చు, ఆయన మాట కూడా రాయండి.

పట్టిన చేపల్లో నాలుగైదింటిని ఐస్‌లో పెట్టి దగ్గర్లోని మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి, లోహాల పరీక్షకి పంపమని అర్జీ రాసివ్వండి. అర్జీ ఎలా రాయాలో కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, రాసి పంపుతాను.

గాజుతొట్టి

హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, వైజాగ్‌లలో పెద్దదైన క్లీనర్ చేపని తిరిగి తీసుకునే షాపులు మీకు తెలిస్తే ఏ ఏరియాలో ఉన్నాయో ఇక్కడ రాయండి. నేను అన్నీ కలిపి ఒక లిస్టు చేసి మా గ్రూపులో, ఈ చర్చ మొదట్లో పెట్టిస్తాను. హైదరాబాద్‌లో మూడు నాలుగు చోట్ల ఒప్పుకున్నారు, ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాక రేపు రాస్తాను.